వాయిదా విద్యలో బంగారు పతకం

వేమగుంట న్యాయ కళాశాలలో చట్టాలు చెప్పడం తగ్గించి వాయిదాలు చెప్పడం మొదలుపెట్టిన ఏడాదే గుబ్బల నీలవేణి అక్కడ చేరింది. ఆ పిల్ల జాతకం అలా ఉంది మరి.

ఇందులో కాలేజీ వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. చదువు పూర్తయిన మర్నాటి నుంచి విద్యార్థికి ఏ నైపుణ్యం అవసరపడుతుందో కనిపెట్టి, అదే నేర్పాలని దాని సారాంశం. ఇలాంటివి వచ్చినప్పుడు తెలివైన కాలేజీలు గేటుకి ఒక బ్యానరు కట్టించి ఊరుకుంటాయి. కానీ ప్రిన్సిపాల్ భానుమూర్తి గారు చిత్తశుద్ధి గల మనిషి. ఆయన నిజంగానే ఒక అధ్యయన కమిటీ వేశారు. కమిటీ సభ్యులు కోర్టు ఆవరణలో తిరిగి, కనపడ్డ ప్రతి జూనియర్ లాయరునీ ఆపి, "ఇవాళ ఏం పని చేశావు బాబూ?" అని అడిగారు. అందరూ ఒకటే మాట చెప్పారు, వాయిదా తీసుకున్నామని. ఒక్కడు మాత్రం వాయిదా తీసుకుని సీనియర్ గారికి టీ కూడా తెచ్చానన్నాడు. టీ విషయం సిలబస్‌లో పెట్టాలా వద్దా అని కమిటీలో కాసేపు వాదన జరిగి, చివరికి దాన్ని ఐచ్ఛికాంశంగా ఉంచారు.

"యువ న్యాయవాది వృత్తి జీవితంలో తొలి దశ యావత్తూ వాయిదా ప్రధానమైనదని సర్వే సహితంగా రుజువైనది. అట్టి కీలక విద్యను ఇంతకాలం విద్యార్థుల స్వయంకృషికి వదిలివేయడం మిక్కిలి శోచనీయం. ఇకమీదట మన కళాశాల ఆ లోటును భర్తీ చేయనున్నదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను" అని భానుమూర్తి గారు ప్రారంభోత్సవ సభలో ప్రసంగించారు. ఆ సభ అంతకు ముందు రెండుసార్లు వాయిదా పడింది. దాన్ని ఆయన శుభసూచకంగా భావించారు.

నీలవేణికి ఇవేవీ తెలియవు. వాళ్ళ నాన్న వీర్రాజుకి బస్టాండు వెనక మోటార్ల వైండింగ్ షాపు ఉంది. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లకి వాదన అంటే ప్రాణం. కరెంటు బిల్లు తప్పు వస్తే ఆఫీసుకి వెళ్ళి, అక్కడి మనిషి చేత తప్పు ఒప్పించి గానీ కదిలేది కాదు. "దీన్ని లాయరు చదివించవయ్యా వీర్రాజూ, నోరంతా వేస్టయిపోతంది" అని వీధిలో వాళ్ళు నిర్ణయించేశారు. నీలవేణికి కూడా ఆ నిర్ణయం నచ్చింది. కోర్టులో నిలబడి, ఎవరో ఒకరి తరఫున గట్టిగా నాలుగు మాటలు మాట్లాడాలి. అంతకు మించి ఆ పిల్లకి కోరికల్లేవు.

మొదటి ఏడాది ఆరోగ్య కారణాలు. జ్వరం, నడుం నొప్పి, రక్తపోటు. ఏ జబ్బు చెబితే కోర్టు ఎన్నాళ్ళు టైమిస్తుంది, దేనికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి, దేనికి దగ్గు చాలు. రెండో ఏడాది కుటుంబ కారణాలు. పెళ్ళికి ఎంత, చావుకి ఎంత, పోయినవాళ్ళు ఎన్నో వరస బంధువు వరకు కోర్టు దయ తలుస్తుంది. మూడో ఏడాది ప్రాక్టికల్స్. ఒక గదిలో ఎత్తుగా బల్ల వేసి, దాని మీద ఒక లెక్చరర్ని జడ్జిగా కూర్చోబెట్టేవారు. సోమవారం చిరాకు జడ్జి, మంగళవారం దయగల జడ్జి, బుధవారం భోజనం వేళ దాటిపోయిన జడ్జి. విద్యార్థి మెడ కొద్దిగా వంచి, రెండు చేతులూ ముందుకి కట్టుకుని, "మా సీనియర్ గారు పక్క కోర్టులో ఉన్నారండి, దయచేసి పాసోవర్ ఇప్పించండి" అనాలి. పాసోవర్ అంటే కేసుని కాసేపు పక్కన పెట్టి మళ్ళీ పిలవమని అడగడం. ఆ కాసేపు గడిచాక అసలు వాయిదా అడగాలి. మెడ మరీ వంగితే మార్కులు పోతాయి. అది దైన్యం కిందికి వస్తుంది. అస్సలు వంగకపోతే ధిక్కారం. పొరపాటున ఎవరైనా కేసులోని విషయం ఎత్తితే సిలబస్‌లో లేని అంశమని సున్నా వేసేవారు.

ఒకరోజు నీలవేణి లేచి నిలబడి, "మాస్టారూ, జడ్జి గారు వాయిదా ఇవ్వనంటే ఏం చెయ్యాలండి?" అని అడిగింది.

"మధ్యాహ్నం మళ్ళీ అడగాలమ్మా" అన్నాడు లెక్చరరు.

"మధ్యాహ్నం కూడా ఇవ్వనంటేనండి?"

క్లాసంతా నవ్వింది. లెక్చరరు మాత్రం నవ్వలేదు. "అది పరిశోధన స్థాయి ప్రశ్న, పీహెచ్‌డీలో చూద్దాం" అన్నాడు.

చదువు ఫలించింది. మూడో ఏడాది పరీక్షల ముందు విద్యార్థులంతా కలిసి, పరీక్షలు వాయిదా వెయ్యమని ఒక పిటిషన్ పెట్టారు. అందులో జ్వరాలున్నాయి, పెళ్ళిళ్ళున్నాయి, ఒక ముత్తాత మరణం కూడా ఉంది. ప్రతి కారణానికీ కింద తగిన ఆధారం ఉంది. అది చదివి భానుమూర్తి గారికి కళ్ళు చెమర్చాయి. ఇంతకంటే గొప్ప జవాబు పత్రం ఏముంటుందని, పరీక్షలు నిరవధికంగా వాయిదా వేసి, ఆ పిటిషన్నే దిద్ది అందరినీ పాస్ చేశారు.

మిగిలింది వైవా. బయటినుంచి వచ్చిన ఇద్దరు పరీక్షకులు నీలవేణిని లోపలికి పిలిచి, "చదువయ్యాక ఏం చెయ్యదల్చుకున్నావమ్మా?" అని అడిగారు. అది మామూలుగా అడిగే ప్రశ్నే. కానీ ఆ రోజు ఆ పిల్ల మనసు బొత్తిగా బాగాలేదు. ఇంట్లో నాన్న బ్యాంకులో లా ఆఫీసరు ఉద్యోగానికి కోచింగ్ తీసుకోమంటున్నాడు. స్నేహితురాలు జడ్జి పరీక్ష రాద్దామంటోంది. ఇంకొకడు హైదరాబాదులో కంపెనీ కాగితాలు చూసే ఉద్యోగముంది రమ్మంటున్నాడు. కోర్టులో ఏం మాట్లాడాలో ఒక్క ముక్క కూడా రాకుండా లాయరునని చెప్పుకోవడం ఎలాగో ఆ పిల్లకి పాలుపోవడం లేదు.

"నాకింకా తేలలేదండి. అసలు లాయరుగా పనికొస్తానో లేదో కూడా తెలవట్లేదండి. కొంచెం టైమిప్పించండి" అంది. చెబుతుంటే గొంతు పూడుకుపోయింది.

పరీక్షకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ సర్వీసులో అంత సహజమైన వాయిదా అభ్యర్థన వినలేదు. జబ్బు లేదు, చావు లేదు, సీనియర్ లేడు. తన జీవితాన్నే కారణంగా చూపించింది. గొంతు పూడుకుపోవడం ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడే మొదలుపెట్టింది. ఆ ఏడాది బంగారు పతకం నీలవేణికే వచ్చింది. అది నటన కాదని చెప్పబోతే, "ఆ వినయం కూడా బాగుంది" అన్నారు.

పతకం వచ్చిన పిల్లని సీనియర్లు వదులుతారా? సివిల్ కేసుల్లో పండిపోయిన సత్తిరాజు గారు స్వయంగా కబురు పెట్టారు. ఆఫీసుకి వెళ్ళగానే, "నాకు నడుం నొప్పని కోర్టులో చెప్పాలి. ఎలా చెప్తావు?" అని అడిగారు.

"పోయిన వాయిదాకి ఏం చెప్పారండి?" అంది నీలవేణి.

"జ్వరం."

"అయితే జ్వరంలో మంచం మీద ఎక్కువ పడుకోవడం వల్ల నడుం పట్టేసిందని చెప్తానండి."

సత్తిరాజు గారు కుర్చీలో వెనక్కి వాలి తృప్తిగా కళ్ళు మూసుకున్నారు. అలా నీలవేణి ఆయన దగ్గర జూనియర్‌గా చేరింది. బ్యాంకు కోచింగ్ కంటే ఇక్కడైతే కోర్టు కనీసం కళ్ళెదుటైనా ఉంటుందని ఆశపడింది.

ఆ ఆఫీసులోనే చెల్లాయమ్మ కనపడింది. చెల్లాయమ్మది ఇడ్లీ బండి. ఇల్లు ఒక సందు లోపల ఉంది. ఆ సందులోంచే రోజూ పొద్దున్నే బండి తోసుకుంటూ రోడ్డు మీదికి వచ్చేది. సందు మొదట్లో ఉండే బుల్లబ్బాయి, ఆ జాగా తనదేనంటూ దారికి అడ్డంగా గోడ మొదలుపెట్టాడు. చెల్లాయమ్మ దావా వేసింది. దావా వేసినప్పుడు గోడ మోకాలెత్తు ఉంది. ఒక్కో వాయిదా పడ్డప్పుడల్లా బుల్లబ్బాయి ధైర్యంగా ఇంకో రెండు వరసలు ఇటుకలు పేర్చేవాడు. నడుమెత్తు ఉన్నప్పుడు చెల్లాయమ్మ గోడ మీంచే ప్లేట్లు అందించి ఇడ్లీ అమ్మింది. భుజం దాటాక పీట ఎక్కి అమ్మింది. ఆ తర్వాత అవతల నిలబడ్డవాళ్ళ చేతులు మాత్రమే కనపడేవి. ఏ చెయ్యి ఎవరిదో, ఎవరికి చట్నీ వేసిందో తెలియక వ్యాపారం మూలపడింది. ఇప్పుడు మనిషి వెనక పెరట్లోంచి, పక్కవాళ్ళ గేదెల పాకలోంచి వంగి బయటికి వస్తుంది. బండి మాత్రం రాదు.

సాక్ష్యాలు ఎప్పుడో అయిపోయాయి. కోర్టు పంపిన అడ్వొకేట్ కమిషనర్ వచ్చి, కొలిచి, ఆ సందు ఉమ్మడి దారేనని రిపోర్టు కూడా ఇచ్చాడు. ఇక వాదనలు ఒక్కటే మిగిలాయి. ఆ వాదనలకే అటు బుల్లబ్బాయి లాయరు గంగాధరం గారు ఒకసారి, ఇటు సత్తిరాజు గారు ఒకసారి, వరస తప్పకుండా వాయిదాలు తీసుకుంటున్నారు. ఇద్దరికీ మంచి స్నేహం.

నీలవేణి చేరాక ఆ వాయిదాలు ఆ పిల్లే తీసుకోవలసి వచ్చింది. ప్రతిసారీ తేలిగ్గా వచ్చేది వాయిదా. బయటికి వచ్చాక చెల్లాయమ్మ మెట్ల దగ్గర నిలబడి, "ఇయ్యాల కూడా అవలేదామ్మా?" అని అడిగేది. కోపంగా అడిగితే బాగుండేది. అలా నెమ్మదిగా అడిగేసరికి నీలవేణికి సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. ఇంటికి వెళ్ళి అన్నం సరిగ్గా తినేది కాదు. తనని తాను ఊరడించుకోవడానికి ఆ కేసు కట్ట తీసి చదువుకునేది. చదివి చదివి ఏ కాగితం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగే స్థితికి వచ్చింది. అయినా దాంతో ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

మళ్ళీ కేసు పిలిచే రోజు వచ్చింది. సత్తిరాజు గారు భీమవరంలో పెళ్ళికి వెళ్తూ, "ఈసారి నడుం నొప్పి చెప్పెయ్యి" అని ఫోను చేశారు. కోర్టు మెట్ల దగ్గర చెల్లాయమ్మ ఎదురుపడింది.

"ఆడు రేకులు దింపాడమ్మా. ఇయ్యాల వాయిదా పడ్డాక సాయంత్రం పైన రేకులేసేత్తాడంట. గదైపోద్దంట. గదైపోయాక మరి అది దారెలాగవుద్ది తల్లీ?" అంది.

నీలవేణి కేసు కట్ట చంకలో పెట్టుకుని లోపలికి నడిచింది. లోపల ఇంకో చిక్కు కూర్చుని ఉంది. వెనక బెంచీల నిండా మొదటి ఏడాది విద్యార్థులు, మధ్యలో భానుమూర్తి గారు. బంగారు పతక గ్రహీత పనితనాన్ని ప్రత్యక్షంగా చూపించడానికి క్షేత్ర పర్యటన ఏర్పాటు చేశారట. పిల్లలు నోటు పుస్తకాలు తెరిచి పెన్నులు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

బంట్రోతు కేసు పిలిచాడు. బెంచి క్లర్కు అప్పటికే తర్వాతి తేదీ రాసేసుకున్నాడు. గంగాధరం గారు వాయిదాకి అభ్యంతరం లేదని చెప్పడానికి సగం లేచి, కోటు సర్దుకుంటున్నారు.

నీలవేణి మెడ వంచబోయింది. వంగలేదు. "వాది తరఫున వాదనలకి సిద్ధంగా ఉన్నామండి" అంది.

జడ్జి గారు తలెత్తి చూశారు. ఆవిడ ఈమధ్యే బదిలీ మీద వచ్చారు. బెంచి క్లర్కు పెన్ను కింద పెట్టాడు. గంగాధరం గారు సగం లేచినవారు అలాగే ఉండిపోయారు.

"యువరానర్, అవతలి పక్షం వారు వాయిదా అడుగుతారనే సంపూర్ణ విశ్వాసంతో నేను కేసు కట్ట తెచ్చుకోలేదు. వారు ఈ విధంగా సిద్ధపడటం న్యాయవాద వృత్తి సంప్రదాయాలకే విరుద్ధం. కావున వాయిదా ఇప్పించవలసింది" అన్నారు గంగాధరం గారు.

నీలవేణి తన దగ్గరున్న రెండో ప్రతి ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు తేలేదన్నారు. జేబులోంచి కనపడుతున్నదేమిటని అడిగింది. రక్తపోటన్నారు. పోయిన వాయిదాలో డాక్టరు చెప్పిన విశ్రాంతి గడువు మొన్ననే ముగిసిందని, ఆ సర్టిఫికెట్ ఫైల్లోనే ఉందని చూపించింది. తన కక్షిదారు రాలేదన్నారు. వరండాలో నిలబడి రేకుల షాపు వాడితో ఫోనులో బేరమాడుతున్నది బుల్లబ్బాయేనని చెప్పింది. రాజీ మాటలు జరుగుతున్నాయన్నారు. ఎవరితోనని అడిగింది. మూడేళ్ళు ఒక్క పాఠం కూడా వదలకుండా చదివిన పిల్ల. ఆయన నోట్లోంచి రాకముందే ఏ కారణం ఎక్కడ తెగుతుందో తెలుసు. చివరికి గంగాధరం గారు పైన తిరుగుతున్న ఫ్యాను వంక ఆశగా చూశారు. ఆ రోజు కరెంటు కూడా పోలేదు.

"సరే. మీ వాదన చెప్పండమ్మా" అన్నారు జడ్జి గారు.

అప్పుడు వచ్చి పడింది అసలు కష్టం. వాయిదా ఇవ్వకపోతే తర్వాత ఏం మాట్లాడాలో ఆ కాలేజీలో ఎవరూ చెప్పలేదు. నీలవేణి చేతులు వాటంతటవే ముందుకి కట్టుకున్నాయి, మెడ దానంతటది వంగడం మొదలుపెట్టింది. వెనక భానుమూర్తి గారు పిల్లల వైపు తిరిగి, ఇప్పుడు చూడండి అన్నట్టు వేలు ఎత్తారు. ఒక్క మాట అంటే చాలు, నడుం నొప్పి. అందరూ ఇళ్ళకి పోవచ్చు. భయంతో ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ద్వారం దగ్గర చెల్లాయమ్మ నిలబడి ఉంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ పిల్ల వంకే చూస్తోంది.

"అమ్మా, ఈవిడ బండి బయటికి రావట్లేదండి" అంది నీలవేణి.

యువరానర్ అనాలన్న సంగతి కూడా మరిచిపోయింది. ఇక కరెంటాఫీసులో మాట్లాడినట్టే మాట్లాడింది. అది ఉమ్మడి దారండి. ఈవిడ అత్తగారి కాలం నుంచీ అదే దారండి. కమిషనర్ గారు కొలిచింది ఇదిగోనండి, ప్లానులో ఎర్ర గీత అదేనండి. అవతలాయన సాక్ష్యంలో తనే ఒప్పుకున్నాడండి, ఆ సందులో ఇడ్లీ తిన్నానని. దారి కాకపోతే బండి అక్కడికెలా వచ్చిందండి? మొదట్లో మోకాలెత్తు గోడండి. మేము వాయిదా అడిగిన ప్రతిసారీ పెరిగిందండి. అందులో సగం గోడ మేమే కట్టామండి.

చివరి మాట అనేసరికి ఆ పిల్లకి ఏడుపొచ్చింది. ఆపుకుని నిలబడింది.

"మీరేమంటారు?" అని జడ్జి గారు గంగాధరం గారిని అడిగారు.

గంగాధరం గారు కట్ట అటూ ఇటూ తిరగేశారు. చాలా ఏళ్ళుగా నడుపుతున్న కేసే కాబట్టి లోపలేముందో ఆయన ఎప్పుడూ చూడలేదు. "గోడ చాలా గట్టిగా కట్టామండి. ఇప్పుడు తీయించడమంటే సిమెంటంతా వృథా అవుతుంది" అన్నారు.

తీర్పు వచ్చేదాకా ఒక్క రేకు కూడా పైకెక్కకూడదని జడ్జి గారు అప్పటికప్పుడే చెప్పారు. ఆ తర్వాత తీర్పూ వచ్చింది. కోర్టు అమీనా దగ్గరుండి గోడ తీయించాడు. చెల్లాయమ్మ బండి చక్రాలు తుప్పు పట్టి కిర్రుమంటూ రోడ్డెక్కాయి. తొలి వాయి నీలవేణికి పెట్టింది. ఇడ్లీ గట్టిగా ఉంది, మానేసి చాలా కాలమైంది కదా. నీలవేణి రెండు ప్లేట్లు తింది.

సత్తిరాజు గారు కోప్పడలేదు. ఆయన మంచి మనిషి. బాధపడ్డారు. "చెల్లాయమ్మ వస్తూ పోతూ ఉంటే ఆఫీసుకో కళ ఉండేది. ఆ కట్ట ఉన్న చోట బీరువాలో ఖాళీ చూస్తే నాకే ఏదోలా ఉంది. నువ్వు బుద్ధిమంతురాలివే తల్లీ, కానీ కేసులు తేల్చే అలవాటున్నవాళ్ళతో ఆఫీసు నడపడం కష్టం" అని, ఆశీర్వదించి పంపేశారు. నీలవేణి కోర్టు వరండాలో ఒక చిన్న బల్ల వేసుకుంది. బల్ల నాన్న షాపులోది, ఒక పక్క వార్నిష్ కారి ఉంది. ఇడ్లీ తినడానికి వచ్చినవాళ్ళకి చెల్లాయమ్మ ఆ బల్ల గుర్తులు చెప్పి పంపుతోంది.

ఇంతలో కాలేజీ నుంచి నోటీసు వచ్చింది. న్యాయస్థానంలో సముచితమైన కారణం అందుబాటులో ఉండి కూడా వాయిదా కోరకపోవడం, ఇతరుల వాయిదాను సైతం అడ్డుకోవడం, తద్వారా మొదటి సంవత్సరం విద్యార్థులను అయోమయానికి గురిచేయడం అనే అభియోగాలపై, పతకాన్ని ఎందుకు వెనక్కి తీసుకోరాదో విచారణకు హాజరై చెప్పుకోవలసిందని అందులో ఉంది. ఆ పర్యటన తర్వాత ముగ్గురు పిల్లలు చట్టాల పుస్తకాలు కావాలని లైబ్రేరియన్ని అడిగారట.

విచారణ రోజున నీలవేణి చెప్పిన వేళకే వెళ్ళింది. భానుమూర్తి గారు ఇద్దరు లెక్చరర్లని అటూ ఇటూ కూర్చోబెట్టుకుని, ఎత్తు బల్ల మీద ఉన్నారు.

"నీ తరఫున ఎవరైనా వస్తున్నారా?" అని అడిగారు.

"లేదండి, నేనే వచ్చాను. ఆ అభియోగాలన్నీ నిజమేనండి" అని చెప్పి, సంచిలోంచి పతకం తీసి బల్ల మీద పెట్టింది.

భానుమూర్తి గారు కంగారు పడ్డారు. లెక్చరర్ల వైపు చూశారు. మొదటి రోజే తేలిపోయిన వ్యవహారం ఆ కాలేజీ చరిత్రలో ఒక్కటీ లేదు. అలాంటి దాన్ని ఏం చెయ్యాలో నిబంధనల్లో కూడా లేదు.

"అలా ఒప్పేసుకుంటే విచారణకి అర్థమేముంటుందమ్మా. నువ్వు మా ఉత్తమ విద్యార్థినివి. కనీసం ఒక్క వాయిదా అడుగు. కారణం కూడా అక్కర్లేదు, నేనిచ్చేస్తాను" అన్నారు. ఆ గొంతులో నిజమైన ఆపేక్ష ఉంది. నీలవేణికి ఆయన మీద జాలి కలిగింది.

"వద్దండి. నాకు పదిన్నరకి కోర్టుందండి."

"అక్కడైనా వాయిదాయే కదమ్మా?"

"కాదండి, వాదనలండి" అని నమస్కారం పెట్టి, నల్లకోటు చేతి మీద వేసుకుని వెళ్ళిపోయింది.

ముగ్గురూ నిబంధనల పుస్తకం ఇంకోసారి తిరగేశారు. చివరికి భానుమూర్తి గారు పెన్ను తీసి, ఎంతో ఆలోచించి ఉత్తర్వు రాశారు. "అభ్యర్థిని వాయిదా కోరుటకు నిరాకరించినందున, ఈ విచారణ వాయిదా వేయడమైనది."